బ్యాకప్ రిపోర్ట్ రాసే ముందు హాజరు పట్టీ రాయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆరు లైనక్స్ సర్వర్లున్నాయి. రాత్రి క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్‌లో, తొమ్మిది బ్యాకప్ జాబ్‌లు నడుస్తాయి: మైఎస్‌క్యూఎల్ డంప్‌లు (డేటాబేస్‌ని ఫైల్‌గా తీయడం) నాలుగు, ఆర్‌సింక్‌లు (ఫోల్డర్‌ని ఇంకోచోటికి కాపీ చేయడం) నాలుగు, టార్ (ఫైళ్లన్నీ ఒకే ఫైల్‌గా కట్టడం) ఒకటి. ఒక్కో జాబ్ ఒక్కో మెయిల్ పంపుతుంది, ఎవరూ చదవరు. మేనేజర్‌కి పొద్దున తొమ్మిదికల్లా అన్నిటికీ కలిపి ఒకే రిపోర్ట్ కావాలి. మీరు లాగ్ ఫైళ్లన్నిటిలో ‘ఎర్రర్’ అనే మాట కోసం గ్రెప్ కొట్టి, ఏమీ దొరక్కపోతే ‘అంతా ఓకే’ అని మెయిల్ పంపే స్క్రిప్ట్ రాశారు. ఇది సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. జాబ్ అసలు మొదలే కాకపోతే లాగ్ ఉండదు. లాగ్ లేకపోతే అందులో ఎర్రర్ ఉండదు. ఎర్రర్ లేదు కాబట్టి మీ స్క్రిప్ట్ ‘అంతా ఓకే’ అంటుంది. క్లాసులో మాస్టారు ‘రానివాళ్లు చెయ్యెత్తండి’ అని అడిగినట్టు ఉంటుంది వ్యవహారం. మాస్టారి చేతిలో హాజరు పట్టీ ఉండాలి. ఎవరు రావాలో అందులో ముందే రాసి ఉండాలి, ఒక్కో పేరూ పిలిచి చూడాలి. మీ స్క్రిప్ట్‌లో లేనిది అదే. గ్రెప్ ఎంత గొప్పగా రాసినా ఆ లోటు తీరదు.

రెండో సంగతి. జాబ్ ‘నేను బాగా చేశాను’ అని చెప్పుకున్న మాటని రిపోర్ట్‌లో ఎక్కించకండి. రిపోర్ట్ స్క్రిప్ట్ తనే వెళ్లి బ్యాకప్ ఫైల్‌ని చూడాలి. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసేవాణ్ణి. రోజూ పొద్దున ‘బ్యాకప్ సక్సెస్’ అని మెయిల్ వచ్చేది. స్క్రిప్ట్ రాసింది నేనే కాబట్టి నమ్మకం కూడా కాస్త ఎక్కువే. ఒకరోజు అకౌంట్స్‌లో ఉండే మేడమ్ వచ్చి, పొరపాటున మూడు నెలల వోచర్లు డిలీట్ అయ్యాయండీ, నిన్నటి బ్యాకప్ నుంచి తీసిస్తారా అన్నారు. ఐదు నిమిషాలు మేడమ్ అని ఫోల్డర్ తెరిచాను. ఫైళ్లన్నీ ఉన్నాయి, రోజుకొకటి చొప్పున, తేదీలతో సహా వరసగా. ఒక్కోదాని సైజు 20 బైట్లు. నలభై ఒక్క రోజులుగా అంతే.

జరిగింది ఏమిటంటే, ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. మైఎస్‌క్యూఎల్ డంప్ లాగిన్ దగ్గరే ఆగిపోయింది, ఒక్క అక్షరం కూడా బయటికి రాలేదు. కానీ డంప్‌ని పైప్‌లో (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని నేరుగా ఇంకోదానికి అందించే దారి) జీజిప్ అనే కుదించే ప్రోగ్రామ్‌కి ఇస్తున్నాం కదా. జీజిప్‌కి ఖాళీ ఇన్‌పుట్ ఇచ్చినా అది ఫిర్యాదు చేయదు, శ్రద్ధగా కుదించి పెడుతుంది. పది బైట్ల హెడర్, రెండు బైట్ల ఖాళీ డేటా, చివర ఎనిమిది బైట్లు, మొత్తం 20. పని అయిందని ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఫలితంగా ఇచ్చే అంకె) సున్నా ఇస్తుంది. షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) మామూలుగా పైప్ మొత్తానికీ ఆఖరి కమాండ్ కోడ్‌నే లెక్కలోకి తీసుకుంటుంది. ముందున్న డంప్ చచ్చిందా బతికిందా అన్నది దానికి పట్టదు. అందుకే నా స్క్రిప్ట్ నలభై ఒక్క రోజులూ ‘సక్సెస్’ అంది. ఇప్పటికీ ఎక్కడైనా 20 బైట్ల ఫైల్ కనిపిస్తే నాకు కడుపులో ఏదోలా అవుతుంది.

దీనికి మందు ఒక్క లైను: స్క్రిప్ట్ పైన పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఆన్ చేయడం. అప్పుడు పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టే. అయితే స్క్రిప్ట్ మొదటి లైన్లో ఎస్‌హెచ్ అని కాకుండా బ్యాష్ అని రాయండి. ఉబుంటులో 2006 నాటి 6.10 వెర్షన్ నుంచీ ఎస్‌హెచ్ అంటే బ్యాష్ కాదు, డ్యాష్ అనే ఇంకో షెల్. పాత డ్యాష్‌కి పైప్‌ఫెయిల్ అంటే ఏమిటో తెలియదు. ‘నా టెర్మినల్లో పనిచేస్తోంది, క్రాన్‌లో పనిచేయడం లేదు’ అనే ఏడుపుల్లో సగం ఇక్కడివే.

ఇక కట్టడం మొదలుపెడదాం. మీకు కావాల్సినవి మూడు: ఒక టెక్స్ట్ ఫైల్, రెండు స్క్రిప్ట్‌లు.

టెక్స్ట్ ఫైలే హాజరు పట్టీ. లైనుకి ఒక జాబ్. జాబ్ పేరు, ఫైల్ వచ్చి పడే ఫోల్డర్, ఎన్ని గంటల కంటే పాతదైతే తప్పు, ఎంత కంటే చిన్నదైతే తప్పు. నాలుగు గడులు, మధ్యలో నిలువు గీత. రోజూ నడిచే జాబ్‌కి గంటల గడిలో 24 అని రాయకండి, 26 అని రాయండి. ఒక రాత్రి నలభై నిమిషాలు ఆలస్యమైతే అనవసరంగా కేకలు వస్తాయి, నాలుగుసార్లు అలా వచ్చాక మీరే రిపోర్ట్ చదవడం మానేస్తారు. వారానికోసారి నడిచేదానికి 170 చాలు. కనీస సైజు అంచనాగా వేయకండి, పోయిన నెల ఫైళ్లు చూసి వాటిలో అతి చిన్నదానికి సగం పెట్టండి.

కొత్త సర్వర్ వచ్చినప్పుడు ఈ పట్టీలో లైను చేర్చడం ఎవరి పనో ఇప్పుడే తేల్చుకోండి. మా టీమ్‌లో అయితే పట్టీలో లైను పడితేగానీ సర్వర్ అప్పగించినట్టు కాదు.

మొదటి స్క్రిప్ట్‌ని నేను మేస్త్రీ అంటాను. అది బ్యాకప్ చేయదు, చేయిస్తుంది. క్రాన్‌లో ఇప్పుడు మీరు నేరుగా బ్యాకప్ కమాండ్ పెట్టిన చోట మేస్త్రీని పెట్టి, మొదటి మాటగా జాబ్ పేరు, ఆ తర్వాత అసలు కమాండ్ ఇవ్వండి. మేస్త్రీ టైమ్ చూసుకుంటుంది, కమాండ్ నడిపిస్తుంది, ఎగ్జిట్ కోడ్ పట్టుకుంటుంది, మళ్లీ టైమ్ చూసుకుంటుంది, స్టేటస్ ఫైల్‌లో ఒకే ఒక్క లైను చేరుస్తుంది: పేరు, మొదలైన టైమ్, ముగిసిన టైమ్, కోడ్. టైమ్‌ని 1970 నుంచి లెక్కపెట్టే సెకన్లలో రాయండి. తీసివేత చేస్తే జాబ్‌కి ఎంతసేపు పట్టిందో వచ్చేస్తుంది, తేదీలతో కుస్తీ అక్కర్లేదు.

ఎగ్జిట్ కోడ్ డాలర్ గుర్తు, పక్కన ప్రశ్నార్థకం అనే వేరియబుల్‌లో ఉంటుందని తెలిసే ఉంటుంది. దాన్ని కమాండ్ పక్క లైన్లోనే మీ సొంత వేరియబుల్‌లోకి తీసుకోండి. మధ్యలో ‘బ్యాకప్ అయిపోయింది’ అని ఒక ఎకో పెట్టారా, ఇక మీకు దొరికేది ఆ ఎకో కోడే. అదెప్పుడూ సున్నాయే.

కోడ్ సున్నా అయితే మంచిది, కాకపోతే చెడ్డది అని రెండు ముక్కల్లో తేల్చేయకండి. ఆర్‌సింక్ 24 ఇస్తే, కాపీ మొదలయ్యాక కొన్ని ఫైళ్లు సోర్స్‌లో మాయమయ్యాయని అర్థం. జనం పనిచేస్తూ ఉండే ఫోల్డర్లలో ఇది మామూలే, నేను దాన్ని ‘సరే’ కిందే రాస్తాను. 23 అలా కాదు, కొన్ని ఫైళ్లు కాపీ కాలేదు, ఎక్కువగా పర్మిషన్ గొడవ. దాన్ని తప్పకుండా చూడాలి. 30 అంటే టైమౌట్, 12 అంటే మధ్యలో కనెక్షన్ తెగింది అనుకోవచ్చు. టార్ 1 ఇస్తే చదువుతుండగా ఏదో ఫైల్ మారింది, 2 ఇస్తే నిజంగా ఫెయిలైంది. రేపు మీరు రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌కి మారితే దానిలో 3 అంటే స్నాప్‌షాట్ వచ్చింది గానీ కొన్ని ఫైళ్లు చదవలేకపోయింది అని. ఇవి కాక షెల్ ఇచ్చే కోడ్‌లు: 127 వస్తే కమాండ్ దొరకలేదు. క్రాన్‌కి ఉండే పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది కాబట్టి కొత్తగా పెట్టిన జాబ్‌ల్లో మొదటి రాత్రి ఇదే వస్తుంది. 137 వస్తే ఎవరో కిల్ మైనస్ 9 కొట్టారు, చాలాసార్లు ఆ ‘ఎవరో’ మెమరీ చాలక చంపేసిన కెర్నలే. ఈ కోడ్‌లకి మాటల్లో అర్థం రాసే చిన్న కేస్ బ్లాక్ ఒకటి రిపోర్ట్ స్క్రిప్ట్‌లో పెట్టుకోండి. పొద్దున్నే కాఫీ తాగకుండా ‘కోడ్ 23’ అని చదివితే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

మేస్త్రీలోనే ఎఫ్‌లాక్ అనే తాళం కమాండ్ కూడా పెట్టండి. నిన్నటి జాబ్ ఇంకా నడుస్తుంటే ఇవాళ్టిది దాని మీద పడకూడదు. తాళం దొరక్కపోతే ఆగకుండా వెనక్కి వచ్చేలా మైనస్ ఎన్ ఇవ్వండి. అప్పుడు వచ్చే కోడ్ మామూలుగా 1, మిగతా తప్పులతో కలిసిపోతుంది. పెద్ద ఈ ఆప్షన్‌తో దాన్ని 99కి మార్చుకుంటే, ‘నిన్నటిది ఇంకా అవలేదు’ అని రిపోర్ట్‌లో స్పష్టంగా చెప్పొచ్చు. అనంతంగా వేలాడే జాబ్‌ల కోసం టైమౌట్ కమాండ్ ఉంది, గడువు దాటి ఆపేస్తే 124 ఇస్తుంది.

రెండో స్క్రిప్టే అసలు రిపోర్ట్. హాజరు పట్టీని లైను తర్వాత లైను చదువుతూ, ఒక్కో పేరుకీ ఫోల్డర్‌లో అన్నిటికంటే కొత్త ఫైల్ ఏదో వెతికి, వయసు, సైజు, లోపలి ఆరోగ్యం చూసి, స్టేటస్ ఫైల్‌లో ఆ పేరుతో ఉన్న ఆఖరి లైను కూడా కలిపి ఒక తీర్పు రాస్తుంది. చెప్పడానికి సులువే. కానీ ఈ లూప్‌లో రెండు గోతులున్నాయి. రెండిట్లోనూ నేను పడ్డాను.

మొదటి గొయ్యి. పట్టీని క్యాట్‌తో తెరిచి పైప్‌లో వైల్-రీడ్ లూప్‌కి ఇస్తాం, లోపల తప్పులు లెక్కపెడుతూ పోతాం. లూప్ అయ్యాక లెక్క చూస్తే సున్నా. ఎందుకంటే పైప్ కుడివైపు లూప్ బ్యాష్‌లో వేరే సబ్‌షెల్‌లో నడుస్తుంది, అక్కడ పెరిగిన లెక్క అక్కడే పోతుంది. పర్యవసానం చూడండి: లోపల తొమ్మిదీ ఫెయిలైనా సబ్జెక్ట్ లైన్లో ‘సమస్యలు: 0’ అని వస్తుంది. పైప్ వాడకుండా, లూప్ చివర డన్ పక్కన ‘<’ గుర్తుతో పట్టీ ఫైల్‌ని ఇస్తే ఈ బాధ ఉండదు.

రెండో గొయ్యి. లూప్ లోపల ఎస్‌ఎస్‌హెచ్‌తో ఇంకో సర్వర్‌కి వెళ్లి ఏదో చూసి వస్తారు. స్క్రిప్ట్ మొదటి జాబ్ మాత్రమే చూసి, ఏ ఎర్రరూ లేకుండా చక్కగా ముగుస్తుంది. మిగతా ఎనిమిది లైన్లూ ఏమయ్యాయి? ఎస్‌ఎస్‌హెచ్ తాగేసింది. లూప్ చదవాల్సిన ఇన్‌పుట్‌నే అది కూడా చదివేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి మైనస్ ఎన్ ఇవ్వండి, ముట్టుకోదు. దీనికి తోడు ఒక కాపలా కూడా పెట్టండి: పట్టీలో లైన్లు ఎన్ని, రిపోర్ట్‌లో తీర్పులు ఎన్ని అని చివర పోల్చి, రెండూ సమానం కాకపోతే పెద్ద అక్షరాలతో చెప్పాలి. పిలిచిన పేర్లు, పట్టీలో పేర్లు సరిపోయాయా అని చూసుకోవడమే ఇది.

ఫైల్ వయసుని పేరులో ఉన్న తేదీని బట్టి తేల్చకండి, స్టాట్ ఇచ్చే మోడిఫై టైమ్ చూడండి. మీ సర్వర్లలో కొన్ని క్లౌడ్‌లో ఉన్నాయన్నారు, అవి యూటీసీలో (మన టైముకి ఐదున్నర గంటలు వెనక) ఉండి ఉంటాయి. మన రాత్రి 2 గంటలు అక్కడ ముందు రోజు 20:30. అందుకని మన లెక్కలో 15వ తేదీ తెల్లవారుజామున తీసిన డంప్ పేరులో 14 అని ఉంటుంది. పేరుని నమ్మితే ఆఫీసు సర్వర్లవి ‘ఇవాళ్టివి’, క్లౌడ్‌వి ‘నిన్నటివి’ అని తేలి రోజూ పంచాయితీ.

గంటలతో లెక్కలు చేసేటప్పుడు ఇంకో చిన్న ముల్లు. డేట్ కమాండ్ గంటని 08, 09 అని ఇస్తుంది. బ్యాష్ లెక్కల్లో ముందు సున్నా ఉంటే అష్టాంశ సంఖ్య అనుకుంటుంది, అందులో 8, 9 అంకెలే లేవు కాబట్టి ఎర్రర్ కొడుతుంది. ఏడున్నరకి టెస్ట్ చేస్తే పనిచేస్తుంది, ఎనిమిదికి క్రాన్‌లో చస్తుంది. సెకన్లతో లెక్కపెడితే దీని జోలికే వెళ్లక్కర్లేదు.

సైజు విషయంలో కనీస హద్దు ఒక్కటే చాలదు. నిన్నటి ఫైల్‌తో కూడా పోల్చండి. సగానికి పైగా తగ్గితే ‘చూడాలి’. పెరిగితే నేను పట్టించుకోను, కానీ ఒక్కసారిగా మూడింతలైతే ఎవరో సినిమాలు దాచుకున్నారేమో అని ఓసారి తొంగి చూస్తాను. ఆరోగ్యం కోసం జీజిప్ ఫైళ్లకి మైనస్ టీ ఆప్షన్ ఉంది, విప్పినదాన్ని డిస్క్ మీద రాయకుండానే లోపల చెడిందేమో చెబుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఖాళీ 20 బైట్ల ఫైల్ కూడా ఈ పరీక్షలో పాసే. అందుకే మైఎస్‌క్యూఎల్ డంప్‌లకి ఇంకో మెట్టు ఎక్కాలి. డంప్ పూర్తిగా వస్తే ఫైల్ ఆఖరి లైన్లో ‘డంప్ కంప్లీటెడ్’ అనే కామెంట్ ఉంటుంది. జీక్యాట్‌తో విప్పి టెయిల్‌తో ఆఖరి లైను తీసి ఆ మాట ఉందో లేదో చూడండి. ఉంటే డంప్ చివరిదాకా వచ్చింది. కామెంట్లు వద్దని ఆప్షన్ ఇచ్చి డంప్ తీస్తే ఈ లైను రాదు, అలాంటి ఆప్షన్ ఉంటే తీసేయండి. పెద్ద డంప్‌ని మొత్తం విప్పాలంటే టైమ్ పడుతుంది కదా అంటారు. పడనివ్వండి. తెల్లవారుజామున ఐదింటికి ఆ బ్యాకప్ సర్వర్‌కి వేరే పనేముంది?

డంప్ రాసేటప్పుడు చివర ‘టెంప్’ అని ఉన్న పేరుతో రాసి, పూర్తయ్యాక అదే ఫోల్డర్‌లో అసలు పేరుకి ఎంవీ కమాండ్‌తో మార్చండి. సగంలో కరెంటు పోయినా, ఇంకా రాస్తూ ఉన్నా, రిపోర్ట్ కంటికి సగం ఫైల్ అసలు ఫైల్‌లా కనపడదు.

ఆర్‌సింక్‌లకి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ కొత్త ఫైల్ అంటూ ఏదీ రాదు. పైగా సోర్స్‌లో ఉన్న మోడిఫై టైమ్‌నే అటువైపు కూడా పెడుతుంది, ఆర్కైవ్ ఆప్షన్ వాడితే. ఒక వారం ఎవరూ ఏ ఫైలూ మార్చకపోతే బ్యాకప్ కూడా వారం కిందటిదిలా కనిపిస్తుంది. నేను చేసేది: ఆర్‌సింక్ మొదలయ్యే ముందు సోర్స్ ఫోల్డర్‌లో ఒక గుర్తు ఫైల్‌లో ఇప్పటి టైమ్ సెకన్లలో రాస్తాను. రిపోర్ట్ అటువైపు ఉన్న ఆ గుర్తు ఫైల్ తెరిచి అంకె చదువుతుంది. 26 గంటల లోపుదైతే ఆర్‌సింక్ అక్కడిదాకా వచ్చిందని అర్థం. పూర్తిగా ముగిసిందా అన్నది గుర్తు ఫైల్ చెప్పలేదు, అది మొదట్లోనే కాపీ అయిపోయి ఉండొచ్చు. దానికి మేస్త్రీ రాసిన కోడ్ చూడాలి. రెండూ కలిస్తేనే ‘సరే’.

మీ నాస్ (నెట్‌వర్క్‌లో ఉండే స్టోరేజ్) మౌంట్ గురించి, అంటే దాన్ని సర్వర్‌లో ఒక ఫోల్డర్‌గా తగిలించడం గురించి, అడగలేదు గానీ చెబుతాను. నాస్ ఒకరోజు మౌంట్ కాకపోతే, బ్యాకప్ ఆగదు. మౌంట్ కావాల్సిన ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే, అంటే సర్వర్ సొంత డిస్క్‌లోనే, రాసుకుంటూ పోతుంది. కోడ్ సున్నా, ఫైల్ ఉంది, సైజు బాగుంది. నాలుగో రోజు రూట్ డిస్క్ నిండి సర్వర్ పడుకుంటుంది. బ్యాకప్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో మౌంట్ అయి ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆపేయండి. రిపోర్ట్ చివర డిస్క్ ఎంత నిండిందో డీఎఫ్‌తో ఒక లైను చాలు. పెద్ద పీ ఆప్షన్ ఇస్తే పేరు పొడుగైనా లైను విరగదు, ఆక్‌తో గడి తీయడం సులువు.

పాత బ్యాకప్‌లు తీసేసే లైను మీ స్క్రిప్ట్‌లో చూశాను. ఫైండ్‌తో ఏడు రోజులు దాటినవన్నీ డిలీట్. ఇది ప్రమాదం. బ్యాకప్ పది రోజులు ఆగిపోయిందనుకోండి, ఈ లైను మాత్రం క్రమం తప్పకుండా నడుస్తూ ఉన్న మంచి కాపీలన్నీ ఊడ్చేస్తుంది. రోజుల్ని బట్టి కాకుండా సంఖ్యని బట్టి ఉంచండి: పరీక్ష పాసైన కాపీలు ఏడు ఉన్నాయా, ఉంటే ఎనిమిదోది తీసేయ్. అదీ ఇవాళ్టి ఫైల్ పాసయ్యాకే.

డిలీట్ అనే మాట వచ్చింది కాబట్టి క్యోటో సంగతి. 2021 డిసెంబరులో క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ స్టోరేజ్‌లో 77 టెరాబైట్ల పరిశోధన డేటా పోయింది. దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు, 14 రీసెర్చ్ గ్రూపులవి. కారణం వైరస్ కాదు, డిస్క్ పోవడం కాదు. బ్యాకప్‌కి సంబంధించిన షెల్ స్క్రిప్ట్. పాత లాగ్‌లు తీసేయడానికి అందులో ఒక ఫైండ్ ఉంది. ఆ సిస్టమ్ సరఫరా చేసిన హెచ్‌పీఈ వాళ్లు ఆ స్క్రిప్ట్‌ని మెరుగుపరిచి, పాతది నడుస్తూ ఉండగానే దాని మీద కొత్తది పెట్టారు. బ్యాష్ స్క్రిప్ట్‌ని ముందే మొత్తం చదువుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుతుంది. మధ్యలోంచి కొత్త ఫైల్ చదవడం మొదలుపెట్టింది, ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ. లాగ్‌ల బదులు అసలు డేటా తుడిచిపెట్టుకుపోయింది. తప్పు తమదేనని ఆ కంపెనీ ఒప్పుకుంది.

దీన్నుంచి మీ స్క్రిప్ట్‌లోకి తెచ్చుకోవాల్సినవి మూడు. పైన సెట్ మైనస్ యూ పెట్టండి, విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. స్క్రిప్ట్ మొత్తాన్నీ మెయిన్ అనే ఒక ఫంక్షన్‌లో పెట్టి ఆఖరి లైన్లో దాన్ని పిలిచి, అదే లైన్లో ఎగ్జిట్ కూడా పెట్టండి, అప్పుడు బ్యాష్ అంతా చదివాకే పని మొదలుపెడుతుంది. స్క్రిప్ట్ మార్చాలంటే ఉన్న ఫైల్ మీద రాయకుండా పక్కన కొత్త పేరుతో రాసి ఎంవీ చేయండి, నడుస్తున్నదానికి పాత ఫైలే మిగులుతుంది.

రిపోర్ట్ ఎలా కనపడాలి? మేనేజర్ ఫోన్‌లో నోటిఫికేషన్ మాత్రమే చూస్తారు అనుకుని రాయండి. చెప్పాల్సింది సబ్జెక్ట్ లైన్లోనే అయిపోవాలి. చెడ్డవి పైన, మంచివి కింద. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

బ్యాకప్: 9లో 7 సరే, 2 చూడాలి
చూడాలి: బిల్లింగ్ డంప్. కొత్త ఫైల్ లేదు, ఆఖరిది 50 గంటల కిందటిది. కోడ్ 127, కమాండ్ దొరకలేదు.
చూడాలి: హెచ్‌ఆర్ టార్. సైజు 212 ఎంబీ, నిన్న 1,940 ఎంబీ.
సరే: స్టాక్ డంప్. 3 గంటల కిందట, 845 ఎంబీ, 11 నిమిషాలు.
డిస్క్: 71 శాతం నిండింది.

అవును, తెలుగులోనే. ఎకోలో తెలుగు రాస్తే ఏ ఇబ్బందీ లేదు, ఫైల్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేసి, మెయిల్ హెడర్‌లో కూడా ఆ సంగతి చెబితే చాలు. మా పాత ఆఫీసులో అకౌంట్స్ వాళ్లు కూడా చదివి ‘మా డంప్ రాలేదట కదా’ అని ఫోన్ చేసేవాళ్లు. నాకు అంతకంటే మంచి మానిటరింగ్ ఇంకోటి దొరకలేదు. ఒక్కటే చిక్కు, ప్రింట్‌ఎఫ్‌తో గడులు నిలువుగా సర్దాలని చూడకండి. అది వెడల్పుని బైట్లలో లెక్కపెడుతుంది, తెలుగులో ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు, ఒత్తులూ గుణింతాలూ కలిస్తే ఇంకా ఎక్కువ. గడులన్నీ వంకరటింకరగా వస్తాయి. పైన రాసినట్టు మామూలు వాక్యాలే మేలు.

పంపే దారి గురించి. మెయిల్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్ తుడిచేశాడు. బ్యాకప్ ఉందిలే అని చూస్తే లేదు. పోస్ట్‌గ్రెస్ డంప్ చాలా రోజులుగా ఫెయిలవుతోంది, సర్వర్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2. ఫెయిలైనప్పుడల్లా క్రాన్ మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిళ్లకి డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే పద్ధతి) పెట్టకపోవడంతో అటువైపు తిరస్కరించారు, ఒక్కటీ ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఉన్నట్టు తీసిన కాపీ) ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే బహిరంగంగా రాశారు.

కాబట్టి రెండు పనులు. ఒకటి, అంతా బాగున్నా రోజూ రిపోర్ట్ రావాలి. ‘తప్పు ఉంటేనే పంపు’ అని రాయకండి. తొమ్మిదికి రిపోర్ట్ రాలేదంటే అదే పెద్ద తప్పు. రెండు, మనుషులు మర్చిపోతారు కాబట్టి రిపోర్ట్ రాని సంగతి కనిపెట్టేది బయట ఇంకొకటి ఉండాలి. హెల్త్‌చెక్స్ లాంటి సర్వీసులు ఉన్నాయి, ఓపెన్ సోర్స్, కావాలంటే మీ దగ్గరే పెట్టుకోవచ్చు. రిపోర్ట్ స్క్రిప్ట్ చివర కర్ల్‌తో దాని అడ్రస్‌ని ఒకసారి తట్టి వస్తుంది. చెప్పిన టైముకి తట్టకపోతే అది మీకు కబురు పెడుతుంది. మీ దగ్గరే పెట్టుకునేటట్టయితే బ్యాకప్ సర్వర్ మీద మాత్రం పెట్టకండి. టెలిగ్రామ్ బాట్‌కి పంపడం కూడా ఒక్క కర్ల్ లైనే, ఒక మెసేజ్‌కి 4096 అక్షరాలు మించకూడదు, మన రిపోర్ట్‌కి అది చాలా ఎక్కువ. బాట్ టోకెన్‌ని స్క్రిప్ట్‌లో రాయకుండా పక్కన మీరు మాత్రమే చదవగలిగే ఫైల్‌లో పెట్టండి.

క్రాన్‌ట్యాబ్‌లో ఒక జాగ్రత్త: ఆ లైన్లలో శాతం గుర్తుకి అర్థం వేరు. ఫైల్ పేరులో తేదీ కోసం డేట్ ఫార్మాట్ అక్కడే రాశారంటే, శాతం గుర్తు దగ్గర కమాండ్ తెగిపోతుంది. తేదీల పని స్క్రిప్ట్ లోపల చేసుకోండి, క్రాన్‌ట్యాబ్‌లో టైమ్, మేస్త్రీ పేరూ, జాబ్ పేరూ, బ్యాకప్ స్క్రిప్ట్ పేరూ తప్ప ఏమీ ఉండకూడదు.

రీస్టోర్ టెస్ట్ కూడా ఈ రిపోర్ట్‌లో ఒక లైనుగా రావాలి. నెలకోసారి ఆఖరి డంప్‌ని ఒక ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, రెండు మూడు ముఖ్యమైన టేబుళ్లలో వరుసలు లెక్కపెట్టి, ఆ అంకెలు రాస్తే చాలు. ‘మొదటి ఆదివారం’ అని క్రాన్‌లో పెట్టాలనుకుంటారు. తేదీ గడిలో 1 నుంచి 7, వారం గడిలో ఆదివారం అని రాస్తే, క్రాన్ రెండూ కలిసిన రోజు నడపదు, ఏ ఒక్కటి కుదిరినా నడుపుతుంది. మొదటి ఏడు రోజులూ, ఆపై ప్రతి ఆదివారమూ రీస్టోర్ నడిచి డిస్క్ నిండుతుంది. ప్రతి ఆదివారం అని పెట్టి, స్క్రిప్ట్ మొదట్లో తేదీ 7 దాటితే బయటికి వచ్చేలా రాయండి.

తొమ్మిది జాబ్‌లూ ఒకేసారి మార్చకండి, బిల్లింగ్ డంప్‌తో మొదలుపెట్టండి. రెండు స్క్రిప్ట్‌లూ రాశాక మూడు రోజులు కావాలని పాడుచేయండి. మొదటి రోజు డంప్ యూజర్ పాస్‌వర్డ్ తప్పుగా ఇవ్వండి. రెండో రోజు నాస్ అన్‌మౌంట్ చేయండి. మూడో రోజు క్రాన్‌ట్యాబ్‌లో ఆ లైను ముందు హ్యాష్ పెట్టండి. మూడు రోజులూ పొద్దున సబ్జెక్ట్ లైన్లో ‘చూడాలి’ అని వస్తే మిగతా ఎనిమిదీ పట్టీలో చేర్చి, అప్పుడు మేనేజర్ మెయిల్ ఐడీ పెట్టండి. ఏ రోజైనా ‘సరే’ అని వచ్చిందంటే ఆ లూప్ రాసిన లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.